‘తథ్యం’ అన్న వార్తల తదనంతరం

1979 మార్చి 22వ తేదీన ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో లేచి, లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ కన్నుమూశారని ప్రకటించారు. సభ్యులు నివాళులర్పించారు. సభ వాయిదా పడింది. ఆకాశవాణి ఆ దుర్వార్తను దేశం నలుమూలలకూ చేరవేసింది. ఆ సమయానికి జయప్రకాశ్ బొంబాయిలోని జస్‌లోక్ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ సజీవులై ఉన్నారు. దిద్దుబాటు ఆ రోజే వెలువడింది. మరుసటి ఉదయపు పత్రికలకు ఆ విధంగా పెద్ద గండం తప్పింది గాని, దేశ అత్యున్నత చట్టసభకు తప్పలేదు. బతికి ఉన్న మనిషికి సంతాపం తెలిపిన ఖ్యాతి దానికి మిగిలిపోయింది.

జయప్రకాశ్ ఆ తరువాత మరో ఆరున్నర నెలలు జీవించి, అక్టోబరు 8న పాట్నాలో తుదిశ్వాస విడిచారు. ఆ నాటికి సంతాప ప్రకటన చేసిన మొరార్జీ ప్రధాని పదవిలో లేరు. ఆయన తరువాత గద్దెనెక్కిన చరణ్‌సింగ్ పార్లమెంటును ఎదుర్కొనకుండానే రాజీనామా సమర్పించి ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగుతున్నారు. లోక్‌సభ ఆగస్టులోనే రద్దయింది. లోక్‌నాయకుడి ఆయుష్షు ముగిసిందని ప్రకటించిన సభకే ముందుగా ఆయుష్షు తీరింది.

అదే సంవత్సరం పతాక శీర్షికలకెక్కిన మరో ఉపద్రవం స్కైలాబ్. 77 టన్నుల బరువున్న ఆ అమెరికన్ అంతరిక్ష కేంద్రం ఎక్కడ కూలుతుందో దాన్ని పైకి పంపినవారికే అంతుబట్టలేదు. ఇక మన పల్లెల మాట చెప్పేదేముంది? ఎలాగూ పోయేదేనని కోళ్ళనూ మేకలనూ కోసుకుని తిన్నారని, పొదుపు చేసుకున్న నాలుగు రూపాయలూ ఖర్చు పెట్టేశారని తెలుగునాట పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఆ ముచ్చట ఆధారంగా 2021లో తెలుగులో ఒక చలనచిత్రమే వచ్చింది. తీరా భారత కాలమానం ప్రకారం జూలై 11 రాత్రి స్కైలాబ్ శకలాలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. అక్కడి ఎస్పెరాన్స్ పట్టణ పాలకమండలి, బహిరంగ ప్రదేశంలో చెత్త పారబోసినందుకు అమెరికా అంతరిక్ష సంస్థకు 400 డాలర్ల జరిమానా విధించింది. ఆ సొమ్ము చెల్లించింది ఆ సంస్థ కాదు. 2009లో అమెరికాలోని ఒక రేడియో కార్యక్రమ శ్రోతలు చందాలు పోగుచేసి బాకీ తీర్చారు. స్కైలాబ్ పడిన నాలుగు రోజులకు, జూలై 15న, ఢిల్లీలో మొరార్జీ ప్రభుత్వం కూలిపోయింది. దేశమంతా ఆకాశం వైపు చూస్తున్న వారంలో నేల మీద జరగవలసింది జరిగిపోయింది.

రెండక్షరాల సౌలభ్యం

ఇటువంటి వార్తలన్నింటిలోనూ తప్పు తెచ్చిపెట్టేది సాధారణంగా వార్త కాదు, దాని క్రియాపదం. వార్తాసంస్థల నుంచి వచ్చే ఆంగ్ల కథనాలు పిల్లి అడుగులు వేస్తాయి. ‘అటువంటి అవకాశాన్ని తోసిపుచ్చలేమని పేరు వెల్లడికి ఇష్టపడని ఉన్నతాధికారి ఒకరు అభిప్రాయపడ్డారు’ అని వాటి ధోరణి. ఈ వాక్యం ఎనిమిది కాలాల శీర్షికలో పట్టదు. రెండక్షరాల ‘ఖాయం’ పడుతుంది. ‘తథ్యం’ కూడా రెండక్షరాలే. ఉన్నతాధికారి సందేహం, పేరు చెప్పుకోలేని అతడి భయం, తోసిపుచ్చలేమన్న నసుగుడు మూడూ పోయి ‘మంత్రివర్గ విస్తరణ తథ్యం’ మిగులుతుంది. విస్తరణ జరగకపోతే మరో రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి: ‘విస్తరణకు బ్రేక్’. మొదటి శీర్షిక పెట్టినవారే రెండోదీ పెడతారు. మొదటిది చదివినవారే రెండోదీ చదువుతారు. ఉభయులకూ పేచీ ఉండదు.

ఈ జబ్బు తెలుగు పత్రికలకే పరిమితం కాదు. లండన్ టైమ్స్ వంటి పెద్దమనిషి పత్రిక కూడా దీనికి అతీతం కాలేదు. 1967 ఆరంభంలో ఆ పత్రిక ఢిల్లీ విలేకరి నెవిల్ మాక్స్‌వెల్ భారత ప్రజాస్వామ్యం విచ్ఛిన్నమవుతున్నదంటూ ఒక వ్యాస పరంపర రాశారు. ప్రజాస్వామ్య చట్రంలో భారతదేశాన్ని అభివృద్ధి చేయాలన్న ప్రయోగం విఫలమైందని, త్వరలో జరగబోయే నాలుగో సార్వత్రిక ఎన్నికలే నిస్సందేహంగా ఆఖరివని ఆయన తేల్చారు. కాంగ్రెస్ ఆ ఎన్నికల్లో 283 స్థానాలతో గట్టెక్కింది. పలు రాష్ట్రాల్లో అధికారం పోగొట్టుకున్నది. నేల ఈనలేదు, ఆకాశం కూలలేదు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించిన తరువాత 21 నెలలపాటు మాక్స్‌వెల్ మాటే నెగ్గిందని అనుకోవలసిన దశ ఒకటి వచ్చిన మాట నిజం. 1977 మార్చిలో ఓటర్లు ఆ అనుమానాన్నీ తీర్చారు. ఆఖరి ఎన్నికల తరువాత దేశంలో మరో 14 పర్యాయాలు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 2024 నాటివి పద్ధెనిమిదోవి.

ఆ సంవత్సరమే విలియం, పాల్ పాడక్ అనే అమెరికన్ సోదరులు ఒక గ్రంథం ప్రచురించారు. 1975 నాటికి మహాక్షామం తప్పదని, ఎంత సాయం చేసినా దక్కని దేశాల జాబితాలో భారత్‌ను చేర్చాలని వారి సిద్ధాంతం. దాన్ని అప్పట్లో కొట్టిపారేయడం తేలిక కాదు. వరుసగా రెండేళ్ళు వర్షాలు ముఖం చాటేశాయి. అమెరికా గోధుమ ఓడల కోసం రేవుల్లో ఎదురుచూపులు సాగుతున్నాయి. 1966-67లో ఆహారధాన్యాల దిగుబడి 7 కోట్ల 42 లక్షల టన్నులు మాత్రమే. అయితే క్షామానికి ముహూర్తం పెట్టిన 1975-76లో దిగుబడి 12 కోట్ల 10 లక్షల టన్నులకు చేరి కొత్త రికార్డు నెలకొల్పింది. పొట్టి గోధుమ వంగడాలు, ఎరువులు, నీరు, మద్దతు ధర కలిసి చేసిన పని అది. ఈ కథకు చేదు ముక్తాయింపు కూడా ఉన్నది. 2002 జూలై నాటికి కేంద్రం గోదాముల్లో 6 కోట్ల టన్నులకు పైగా ధాన్యం పేరుకుపోయింది. అంతకు ముందు ఏడాదే, గోదాములు నిండి ఉండగా కరవు ప్రాంతాల్లో పేదలు పస్తులుంటున్నారంటూ పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. తిండి లేని దేశమన్న జోస్యం తప్పింది. తిండి ఉన్నచోటు నుంచి లేనిచోటుకు చేరుతుందని మాత్రం ఎవరూ జోస్యం చెప్పలేదు.

స్వప్నం, మెలకువ

ఆర్థిక వార్తల విషయానికి వస్తే, ‘కలల బడ్జెట్’ అన్న బిరుదు పొందినది 1997 ఫిబ్రవరి 28న అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం ప్రవేశపెట్టినది. వ్యక్తిగత ఆదాయపన్ను గరిష్ఠ రేటు 40 నుంచి 30 శాతానికి దిగింది. కంపెనీల పన్ను తగ్గింది. స్టాక్ మార్కెట్ ఆనందంతో గంతులేసింది. సరిగ్గా నెల రోజులకు, మార్చి 30న, యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వానికి కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకున్నది. ఏప్రిల్ 11న దేవెగౌడ విశ్వాస పరీక్షలో ఓడిపోయారు. కల కన్న ప్రభుత్వం పోయి, కల మాత్రం గుజ్రాల్ ప్రభుత్వానికి వారసత్వంగా సంక్రమించింది. జూలైలో థాయ్‌లాండ్ కరెన్సీ కుప్పకూలి ఆసియా దేశాలన్నింటినీ కలవరపెట్టింది. ఆ ఏడాది మన వృద్ధిరేటు పెరగకపోగా మందగించింది. పన్నుల రేట్లు తగ్గించడం తప్పన్న అర్థం దీనికి లేదు. 30 శాతం గరిష్ఠ రేటు తరువాతి ఆర్థికమంత్రులెందరికో ప్రమాణంగా నిలిచింది. బడ్జెట్ ఫలితం తేలడానికి ఏళ్ళు పడుతుంది; బిరుదు మాత్రం ఆ సాయంత్రమే ఇవ్వాలి. చిక్కంతా అక్కడే.

ఆ బడ్జెట్‌లోనే నల్లధనం స్వచ్ఛంద వెల్లడి పథకం ప్రకటించారు. ‘చివరి అవకాశం’ అంటూ ప్రకటనలు మారుమోగాయి. 4 లక్షల 70 వేల మందికి పైగా ముందుకు వచ్చి సుమారు 33,000 కోట్ల రూపాయల ఆదాయం వెల్లడించారు. ఖజానాకు దాదాపు 10,000 కోట్లు చేరింది. పాత నగలకు 1987 నాటి ధర కట్టుకునే సదుపాయం ఉండడంతో, తాతమ్మల వడ్డాణాలు ఆ సంవత్సరం ఎన్ని ఇళ్ళలో బయటపడ్డాయో చెప్పనలవి కాదు. ఆ చివరి అవకాశం తరువాత 19 ఏళ్ళకు, 2016లో, మరో అవకాశం వచ్చింది. నిజాయితీగా ఏటా పన్ను కట్టిన జీతగాడికి మాత్రం ఏ అవకాశమూ ఏనాడూ రాలేదు.

సున్నాల మోజు

శీర్షికలకు పెద్ద సంఖ్యలంటే ప్రీతి. సంఖ్య ఎంత పెద్దదైతే అక్షరాలు అంత లావెక్కుతాయి. టెలిఫోన్ల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్ర టెలికం మంత్రి సుఖ్‌రామ్‌తో సెల్యులర్ ఫోన్‌లో మాట్లాడారు. దేశంలో అది తొలి కాల్. నిమిషానికి దాదాపు 16 రూపాయల వరకు రుసుము. ఎవరైనా మనకు ఫోన్ చేస్తే వినేందుకు కూడా మనమే కట్టాలి. శ్రీమంతుల ఆటబొమ్మ అనిపించుకున్న ఆ వార్తను మర్నాడు మించిపోయిన వార్తలు చాలానే వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది ఆగస్టులో ప్రైవేటు టెలిఫోన్ సేవలకు తెరచిన టెండర్లు. సాలీనా 200 కోట్ల రూపాయల స్థాయి వ్యాపారం ఉన్న హిమాచల్ ఫ్యూచరిస్టిక్ కంపెనీ తొమ్మిది సర్కిళ్ళకు కలిపి 15 ఏళ్ళలో 85,000 కోట్లు ఇస్తానన్నది. ఖజానాకు కాసుల వర్షమని కొందరు మురిసిపోయారు. కుంభకోణమని మరికొందరు గర్జించారు. పార్లమెంటు శీతకాల సమావేశాలు స్తంభించిపోయాయి. ఒక కంపెనీకి దక్కగల సర్కిళ్ళకు కేంద్రం పరిమితి విధించడంతో 85,000 కోట్లు కాగితం మీదే ఉండిపోయాయి. మిగిలిన లైసెన్సుదారులూ తాము ఒప్పుకున్న రుసుము కట్టలేక చేతులెత్తేశారు. చివరకు 1999లో స్థిర రుసుము పద్ధతి రద్దు చేసి, రాబడిలో వాటా తీసుకునే విధానానికి ప్రభుత్వం మారింది. ఈ మధ్యలో, 1996 ఆగస్టులో, సీబీఐ సుఖ్‌రామ్ నివాసాలను సోదా చేస్తే 3 కోట్ల 60 లక్షలకు పైగా నగదు దొరికింది.

రాబడిలో వాటా అన్నది సాదాసీదా మాట. అందులో గర్జన లేదు, కాసుల వర్షం లేదు. కాని నిమిషం 16 రూపాయల నుంచి పైసల్లోకి దిగడానికి బాట వేసిన నిర్ణయాల్లో అదొకటి. 2003లో వచ్చే కాల్‌కు రుసుము పోయింది. నేడు వంద కోట్లకు పైబడిన కనెక్షన్ల వెనుక ఆ బాట ఉన్నది.

సున్నాల మోజు అంతటితో తీరలేదు. 2010 నవంబరులో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. 2008లో 2జీ స్పెక్ట్రం కేటాయింపుల వల్ల జరిగిన నష్టాన్ని ఆ నివేదిక ఒక్క రీతిలో కాక పలు రీతుల్లో లెక్కకట్టింది. అతి తక్కువ అంచనా 57,666 కోట్లు. అత్యధికం 1,76,645 కోట్లు. ఈ రెండింటిలో పతాక శీర్షికకెక్కినది ఏదో పాఠకులకు చెప్పనక్కరలేదు. అన్ని సున్నాలు ఎలా రాయాలో తెలియక కొన్ని పత్రికలు ‘లక్షా డెబ్బై ఆరు వేల కోట్లు’ అని అక్షరాల్లోనే పెట్టుకున్నాయి. దర్యాప్తు జరిపిన సీబీఐ లెక్కలో నష్టం 30,984 కోట్లకు దిగింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ 122 లైసెన్సులనూ రద్దు చేసింది; కేటాయింపు పద్ధతి తప్పని ఆ విధంగా రుజువైంది. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. చట్టానికి నిలబడే సాక్ష్యం కోసం ఏడేళ్ళు ఎదురుచూసినా రాలేదని న్యాయమూర్తి వాపోయారు. దానిపై సీబీఐ దాఖలు చేసిన అప్పీలును ఢిల్లీ హైకోర్టు 2024 మార్చిలో విచారణకు స్వీకరించింది. తప్పు జరిగింది, తప్పు చేసినవారు లేరు, నష్టం ఎంతో నాలుగు లెక్కలు. దీనికి శీర్షిక పెట్టడం ఏ సబ్ ఎడిటర్‌కైనా కత్తి మీద సామే.

‘ఆందోళన అనవసరం’

నవ్వి ఊరుకోవడానికి వీలులేని శీర్షికలు కొన్ని ఉన్నాయి. ‘ఆందోళన అవసరం లేదు’ అన్నది వాటిలో అగ్రగణ్యం. పాత పాఠకులు దీన్ని చూడగానే ఆందోళన చెందడం నేర్చుకున్నారు. 1964లో ప్రారంభమైన యూనిట్ ట్రస్ట్ వారి యూఎస్-64 పథకం మధ్యతరగతికి దాదాపు పోస్టాఫీసుతో సమానం. కూతురి పెళ్ళికి, పదవీ విరమణ అనంతర జీవితానికి అందులో దాచుకున్నవారు దేశంలో సుమారు రెండు కోట్ల మంది. 1998లో ఆ పథకం లోటులో పడిందని బయటపడినప్పుడు కేంద్రం అండగా నిలిచింది. కంగారు పడవద్దన్న హామీలు వెలువడ్డాయి. నమ్మినవారు యూనిట్లు ఉంచుకున్నారు. 2001 జూలై 2న అమ్మకాలు, తిరుగు కొనుగోళ్ళు రెండూ ఆరు నెలలపాటు నిలిపివేస్తున్నట్లు ట్రస్ట్ ప్రకటించింది. అంతకు ముందు రెండు నెలల్లో పెద్ద సంస్థలు వేల కోట్ల రూపాయల విలువైన యూనిట్లను తిరిగి ఇచ్చి సొమ్ము చేసుకుని వెళ్ళిపోయాయి. వాటి ప్రతినిధులు పత్రికల శీర్షికల మీద ఆధారపడేవారు కాదు. 14 రూపాయలకు పైగా ధర పలికిన యూనిట్‌కు, ఆ తరువాత చిన్న మదుపరులకు మొదట 10 రూపాయల చొప్పున, అదీ 3,000 యూనిట్ల వరకే చెల్లిస్తామన్నారు. రిటైరైన గుమాస్తా దృష్టిలో ఇది కుంభకోణమో, మార్కెట్ ఒడుదుడుకో, విధాన లోపమో తేడా ఏమీ లేదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ 2000 సంవత్సరపు కంప్యూటర్ గండం. 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి తేదీలు తారుమారై విమానాలు నేలకు దిగవని, బ్యాంకు ఖాతాలు మాయమవుతాయని ఏడాది పొడవునా వార్తలు వచ్చాయి. తెల్లవారింది. ఏమీ జరగలేదు. అంతా ఉత్త గోల అని తేలికపడినవారు ఒక సంగతి విస్మరించారు. ఏమీ జరగకుండా చూసేందుకు ప్రపంచమంతటా లక్షలాది మంది పాత ప్రోగ్రాములను వరుస వరుసా దిద్దారు. వారిలో అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానమెక్కిన తెలుగు యువకులు చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ తొలి భవనాన్ని 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన రోజులవి. హెచ్చరిక ఫలించి జోస్యం తప్పిన అరుదైన సందర్భమిది. అటువంటి శీర్షికకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు.

ఇక ‘కొత్త అధ్యాయం’ విషయం. భారత్-పాకిస్థాన్ సంబంధాల్లో ఇన్ని కొత్త అధ్యాయాలు మొదలయ్యాయి గనుక ఆ గ్రంథం ఈపాటికి మహాభారతాన్ని మించి ఉండాలి. 1999 ఫిబ్రవరి 20న వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్ళినప్పుడు ఒకటి. మే నెలకు కార్గిల్ కొండల్లో తుపాకులు మోగాయి. 2001 జూలైలో ఆగ్రాలో మరొకటి, సంయుక్త ప్రకటన లేకుండానే ముగిసింది. దక్షిణాసియా సహకార సంఘం శిఖరాగ్ర సమావేశం 2014 నవంబరులో ఖాట్మండూలో జరిగింది. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసినది జరగలేదు.

అయితే దీర్ఘాయుష్షులో దేశీయ శీర్షికలన్నింటినీ మించిపోయినది మరొకటి ఉన్నది: ‘ఈ సమావేశాల్లోనే మహిళా బిల్లు’. చట్టసభల్లో మూడింట ఒక వంతు స్థానాలను మహిళలకు కేటాయించే బిల్లును దేవెగౌడ ప్రభుత్వం 1996 సెప్టెంబరు 12న లోక్‌సభలో ప్రవేశపెట్టింది. గీతా ముఖర్జీ నాయకత్వాన సంయుక్త సంఘం అదే సంవత్సరం డిసెంబరుకల్లా నివేదిక ఇచ్చింది. ఇక ఆమోదం లాంఛనమేనని వార్తలు వచ్చాయి. ఆ లాంఛనానికి 27 ఏళ్ళు పట్టింది. 1998 జూలైలో బిల్లు మళ్ళీ సభకు వచ్చినప్పుడు ఆర్జేడీ సభ్యుడొకరు పోడియం ఎక్కి, అమలాపురం నుంచి వెళ్ళిన స్పీకర్ బాలయోగి చేతిలోని ప్రతులను లాక్కుని చింపేశారు. 2008 మేలో రాజ్యసభలో ప్రవేశపెట్టే రోజున, న్యాయశాఖ మంత్రి చేతి కాగితాలు ఎవరూ లాక్కోకుండా మహిళా సభ్యులు ఆయన చుట్టూ కోటగోడలా నిలిచారు. ఖమ్మం ఎంపీ, నాటి కేంద్రమంత్రి రేణుకా చౌదరి ఆ కోటకు సేనాని. చట్టం చేసే సభలో బిల్లు కాగితాన్ని భౌతికంగా కాపాడవలసి వచ్చింది. 2010 మార్చి 9న రాజ్యసభ 186-1 ఓట్లతో ఆమోదించింది. ‘చారిత్రాత్మకం’ అని పత్రికలన్నీ కీర్తించాయి. లోక్‌సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. 2014లో ఆ సభతో పాటు బిల్లూ కాలం చేసింది.

2023 సెప్టెంబరు 20న లోక్‌సభ 454-2 ఓట్లతోను, మరునాడు రాజ్యసభ ఏకగ్రీవంగాను రాజ్యాంగ సవరణను ఆమోదించాయి. ‘చారిత్రాత్మకం’ అన్న మాట మళ్ళీ అచ్చయింది. రిజర్వేషన్లు అమలయ్యేది తదుపరి జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన పూర్తయిన తరువాతనేనని ఆ సవరణలోనే షరతు ఉన్నది. శీర్షికలో దానికి చోటు చాలలేదు గాని, చాలా పత్రికల్లో వార్త మూడో పేరాలో కనిపించింది. 2019లో లోక్‌సభకు ఎన్నికైన మహిళలు 78 మంది. సవరణ ఆమోదం పొందిన తరువాత, 2024లో ఎన్నికైనవారు 74 మంది.